రెండు వాక్యాల ప్రయోగానికి 19 రోజులు: జ్వాలా పరీక్షతో నా అనుభవం

నవంబరు 3, సోమవారం రాత్రి పదో తరగతి పిల్లల ప్రయోగ నివేదికలు దిద్దుతూ కూర్చున్నాను. ‘పరమాణు నిర్మాణం’ పాఠంలో క్యూప్రిక్ క్లోరైడ్‌ను, స్ట్రాన్షియం క్లోరైడ్‌ను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముద్దలా కలిపి, ప్లాటినం తీగ కొసన తీసుకొని మంటలో పెట్టి రంగు చూడమనే రెండు వాక్యాల కృత్యం ఒకటి ఉంది. మంటకు వచ్చే రంగును బట్టి లవణంలో ఏ లోహం ఉందో గుర్తించే ఈ పద్ధతే జ్వాలా పరీక్ష. మొదటి నివేదికలో రాగి లవణానికి ‘ఆకుపచ్చ’ అని ఉంది. నాలుగో దానిలో అది ఉత్త ‘పచ్చ’ అయింది. ఏడో దానికి వచ్చేసరికి ‘పసుపుపచ్చ’ అయి కూర్చుంది. ఒకరిది చూసి ఒకరు రాసుకుంటున్నప్పుడు మధ్యలో ఎక్కడో ‘ఆకు’ రాలిపోయింది. మా వైపు పచ్చ అంటే పసుపు రంగే కనుక, తరువాత చూసి రాసిన పిల్ల దానికి ‘పసుపు’ను తానే తగిలించి సరిచేశాననుకుంది. మొత్తం 38 నివేదికల్లో పదకొండింటిలో రాగి పసుపుపచ్చగా మండింది.

పిల్లల్ని కోప్పడడానికి నాకు నోరు రాలేదు. ఆ ప్రయోగం మా బడిలో జరగనే లేదు. తొమ్మిదేళ్లుగా నేను ఆ రెండు రంగుల పేర్లు బోర్డు మీద రాయడం, పిల్లలు వాటిని ‘పరిశీలన’ అనే శీర్షిక కింద దించుకోవడం, నేను ఐదుకు నాలుగో ఐదో వేసి సంతకం చేయడం జరుగుతూ వస్తున్నాయి. డిగ్రీలో లవణ విశ్లేషణ చేసినప్పుడు కాల్షియం ఇటుక ఎరుపును ఒకసారి చూసిన గుర్తు ఉంది కానీ, స్ట్రాన్షియం మంటను నేను కూడా కంటితో చూడలేదు. ఆ రాత్రి నివేదికలన్నీ మార్కులు వేయకుండానే కట్టి పక్కన పెట్టాను.

నవంబరు 5న కార్తీక పౌర్ణమి సెలవు. పూజ ముగిశాక, ముందుగా ఉప్పుతో మొదలుపెడదామని వంటింట్లో గ్యాసు పొయ్యి వెలిగించి, పిన్నీసును పట్టకారుతో పట్టుకుని నీలి మంటలో పెట్టాను. ఇంకా ఉప్పు అంటించకముందే మంట పసుపుపచ్చగా భగ్గుమంది. పిన్నీసు కడిగి పెట్టినా అంతే. కొత్తది తీసినా అంతే. మా అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, “ఏందమ్మా, పండుగ పూట పొయ్యి మీద పిన్నీసులు కాలుస్తున్నవు?” అని అడిగింది. ఏమి చెప్పాలో తోచలేదు. అసలు ఉప్పు అంటించినప్పుడూ అదే రంగు, అంటించనప్పుడూ అదే రంగు అయితే ఇక పరీక్ష ఏముంది? మంటకు పసుపు రంగు ఇచ్చేది ఉప్పులోని సోడియం; నా వేళ్ల చెమటలోని ఉప్పే పిన్నీసుకు అంటుకుందని అర్థం కావడానికి అరగంట పట్టింది. ఈ పసుపు రంగు తరువాతి రెండు వారాలూ నన్ను వదల్లేదు.

మరునాడు బడిలో బీరువా తెరిచి సామాను చూశాను. స్టాకు రిజిస్టరులో ‘ప్లాటినం తీగ – 1’ అని ఎవరిదో పాత దస్తూరి ఉంది. తీగ మాత్రం లేదు. బున్సెన్ దీపం ఉంది, దానికి గ్యాసు లేదు. సారాయి దీపం ఉంది కానీ దాని మంట చల్లనిది, పైగా అంచులు పసుపుగా ఉంటాయి. లేబులు మొత్తం తినేసిన ఒక ఆమ్లం సీసా కూడా ఉంది. అది ఏ ఆమ్లమో తేల్చుకునే ధైర్యం చేయక, దాన్ని ఉన్నచోటనే ఉంచి తాళం వేశాను.

నవంబరు 8, రెండో శనివారం. ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్టుతో మూడు గంటలు ప్రయాణం చేసి హైదరాబాదులో ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాను. ప్లాటినం తీగ రెండు వేల పైచిలుకు అన్నారు. లిథియం క్లోరైడ్ ధర విని దాని జోలికి పోలేదు. బేరియం లవణాలు ఉన్నాయి, చవకే కానీ, నీటిలో కరిగే బేరియం విషం. 38 మంది పిల్లల మధ్యకు దాన్ని తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. స్ట్రాన్షియం క్లోరైడ్ నిల్వ లేదు, 500 గ్రాముల డబ్బాకు తక్కువ రాదు, నాలుగు రోజుల్లో బస్సు పార్సిలులో పంపిస్తామన్నారు. 680 రూపాయలు కట్టేసి వచ్చాను. ఆమ్లం సంగతి అడిగితే, అది పార్సిలులో పంపకూడదు, మీరూ బస్సులో పెట్టుకుని వెళ్లకూడదు అని చెప్పారు. నిజమే, అంత దూరం వెళ్లేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. చివరికి మా మండలంలోని జూనియర్ కళాశాల రసాయనశాస్త్ర లెక్చరరు ఒకరు 50 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని గాజు బిరడా సీసాలో పోసి ఇచ్చారు, దానితోపాటు ఒక నీలం కోబాల్టు గాజు పలకను కూడా చేతిలో పెట్టి, “పగలగొట్టకండి మేడమ్, మళ్లీ దొరకదు” అన్నారు.

నాలుగు రోజులు అన్నది పదకొండు రోజులైంది. ఈలోగా తీగ సిద్ధం చేసుకున్నాను. కరెంటు సామాన్ల కొట్టులో హీటరు కాయిల్ అడిగితే 50 రూపాయలకు నైక్రోమ్ చుట్ట ఇచ్చారు. దాన్ని సాగదీసి, జానెడు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క కొసను సూది చుట్టూ తిప్పి మినపగింజంత వలయం చేశాను. రెండో కొసను పెన్సిలు చివరి రబ్బరులోకి గుచ్చితే పట్టుకోవడానికి పిడి దొరికింది. మంట కోసం, వంటలవాళ్లు వాడే చేతి గ్యాసు టార్చిని ఆన్‌లైన్‌లో 549 రూపాయలకు, దానిలో నింపే బ్యూటేన్ డబ్బాను 190 రూపాయలకు తెప్పించాను. దాని నీలి మంటకు తనదంటూ రంగు దాదాపు లేదు. మాకు కావలసింది సరిగ్గా అదే.

ఇక తీగను శుభ్రం చేయడం. ఆమ్లంలో ముంచాలి, మంటలో ఎర్రబడేదాకా కాల్చాలి, మళ్లీ ముంచాలి, మళ్లీ కాల్చాలి. కాల్చినప్పుడు మంటలో ఏ రంగూ కనిపించనంత వరకు ఇదే పని. మొదటి తీగకు తొమ్మిది సార్లు పట్టింది. తొమ్మిదోసారి మంట మారకుండా నీలంగానే నిలిచినప్పుడు ఏదో పెద్ద పరీక్ష గట్టెక్కినంత సంతోషం కలిగింది, ఆ సంతోషంలో తీగ కొసను వేలితో సవరించాను, అంతే, మళ్లీ పసుపు. ఆ రాత్రి వాచ్ గ్లాసు అనే చిన్న గాజు పళ్లెంలో కొంచెం ఆమ్లం మూత లేకుండా వదిలేశాను. పొద్దునకల్లా పక్కనే ఉన్న బీరువా తాళానికి తుప్పు పట్టింది. అప్పటినుంచి ఆమ్లం పని అంతా వరండాలోనే చేశాను.

పార్సిలు కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్‌ల 1860 నాటి పరిశోధన గురించి చదివాను. సుమారు 60 ఘనమీటర్ల గదిలో, దీపానికి వీలైనంత దూరాన, 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేటును పాలచక్కెరతో కలిపి పేల్చి, కొన్ని నిమిషాలకే ఇవతలి మంట వెలుగును పట్టకంతో రంగులుగా విడదీసి అందులో సోడియం పసుపు గీతను వాళ్లు చూశారట. ఒక మిల్లీగ్రాములో ముప్పై లక్షల వంతు సోడియం లవణం కూడా మంటలో తెలుస్తుందని లెక్కగట్టారు. అది చదివాక నా పిన్నీసు మీద కోపం పోయింది. మా ఆయా వరండా ఊడుస్తుంటే లేచిన దుమ్ముకు నా టార్చి మంటలో పసుపు మెరుపులు చిటపటలాడడం ఆ మరునాడే గమనించాను.

ప్లాటినం ముక్క ఏమైనా దొరుకుతుందేమోనని ఒక సాయంత్రం మా ఊరి అవుసలాయన దగ్గరికి వెళ్లాను. ప్లాటినం లేదు కానీ, మంట రంగుల మాట ఎత్తగానే ఆయన నవ్వాడు. “రాగి ఎక్కువ కలిసిన సొమ్ము కాలిస్తే మంట పచ్చగైతది టీచరమ్మా, మేం రోజూ చూసేదే” అన్నాడు. ఏ పచ్చ అని అడిగాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, “చిలకపచ్చ... కాదు, నెమలి మెడ” అని చెప్పి, ఒక రాగి ముక్కకు వెలిగారం అద్ది ఊదుగొట్టం మంటలో పెట్టి చూపించాడు. వెలిగారంలోని బోరాన్ కూడా మంటకు ఆకుపచ్చనే ఇస్తుంది కాబట్టి, ఆ రంగులో రాగి వంతు ఎంతో, బోరాన్ వంతు ఎంతో నేను విడదీయలేను. కానీ మంట అంచున ఆ ఆకుపచ్చ నీలంలోకి జారిపోవడం మాత్రం స్పష్టంగా చూశాను. తొమ్మిదేళ్లుగా నేను బోర్డు మీద రాసిన రంగును నాకు మొదటిసారి చూపించినవాడు అవుసలాయన.

నవంబరు 16, ఆదివారం నాడు జరిగింది చెప్పకుండా దాటేయాలని ఉంది కానీ, ఈ ప్రయోగం చేయాలనుకునే వాళ్లకు అన్నిటికంటే ముందు తెలియవలసింది అదే. తీగ ముట్టించే రంగు రెండు మూడు సెకన్లే ఉంటుంది. పళ్లెంలో స్పిరిటు పోసి అందులో లవణం వేసి ముట్టిస్తే నిమిషాల తరబడి రంగు మంట వస్తుందని తోటి ఉపాధ్యాయులొకరు చెప్పారు. కరోనా కాలంలో వచ్చిన శానిటైజరు డబ్బా ఇంట్లో మిగిలి ఉంది. క్యారమ్ బోర్డు పౌడరు, అంటే బోరిక్ ఆమ్లం, ఒక స్టీలు గిన్నెలో వేసి, శానిటైజరు పోసి పెరట్లో వెలిగించాను. ఎంత చక్కని ఆకుపచ్చ! కాసేపటికి ఎండలో మంట కనిపించకుండా పోయింది. ఆరిపోయిందనుకుని డబ్బా ఎత్తి మళ్లీ పోయబోయాను. ముంజేతికి సెగ తగిలింది. చూస్తే చేతి మీది నూగు కమిలిపోయి వాసన వస్తోంది. డబ్బాను వెనక్కు విసిరేయబట్టి సరిపోయింది. అమెరికాలో 2014 సెప్టెంబరులో రెనో, డెన్వర్ నగరాల్లో మిథనాల్‌తో ఇటువంటి మంటల ప్రదర్శనలు చేస్తూ పిల్లలు కాలిన గాయాలపాలయ్యారని, అక్కడి రసాయన భద్రతా మండలి దానిమీద హెచ్చరిక జారీ చేసిందని ఆ రాత్రి తెలిసింది. తరగతి గదిలో పళ్లెం, స్పిరిటు రెండూ వద్దని అప్పుడే తీర్మానించుకున్నాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు; రెండు రోజులు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని బడికి వెళ్లాను.

స్ట్రాన్షియం క్లోరైడ్ నవంబరు 19న వచ్చింది. పార్సిలు ఖర్చు 60 రూపాయలు. క్యూప్రిక్ క్లోరైడ్ నేను కొనలేదు. మైలతుత్తాన్ని, అంటే కాపర్ సల్ఫేటును, నూరి నాలుగు చుక్కల ఆమ్లం కలిపితే నీలం ముద్ద చూస్తుండగానే ఆకుపచ్చగా మారింది. మంటలో అది పని బాగానే చేసింది. క్లోరైడ్లు మంటలో తేలికగా ఆవిరవుతాయి కాబట్టే ఈ పరీక్షలో ఆ ఆమ్లాన్నే వాడతారు. అదే మైలతుత్తాన్ని పొడిగా పెడితే రంగు చాలా పలచగా వచ్చింది. కాల్షియం కోసం పాన్ డబ్బా సున్నం, పొటాషియం కోసం ఒక విద్యార్థి వాళ్ల నాన్న పొలానికి తెచ్చిన ఎర్ర పొటాషు నుంచి పిడికెడు.

ఆ సాయంత్రం బడిలో అందరూ వెళ్లిపోయాక, తలుపులు వేసుకుని, స్ట్రాన్షియం ముద్దను తీగ కొసన తీసుకుని మంటలో పెట్టాను. ముందు క్షణం పసుపు. నా గుండె జారిపోయింది. ఆ పసుపు తొలగగానే లోపలి నుంచి ఎరుపు పొంగి, మంట కొస దాకా పాకింది. పుస్తకంలో దీన్ని ముదురు ఎరుపు అంటారు; ముదురు అనే మాటలో ఉండే మందకొడితనం ఆ మంటలో ఏ కోశానా లేదు. తడి కుంకుమను దీపం మీదుగా చూసినట్టుంది. పదిసార్లయినా పెట్టి చూసి ఉంటాను. వాచ్‌మన్ వచ్చి తలుపు తట్టేదాకా టైము తెలియలేదు.

పిల్లల ముందు చేసింది నవంబరు 22, శనివారం చివరి రెండు పీరియడ్లలో. మా గది కిటికీలకు తెరలు లేవు. నిరుటి ఆటల పోటీల ఫ్లెక్సీలను తిరగేసి కట్టి చీకటి చేశాం. టార్చిని నల్లబల్ల ముందు నిటారుగా నిలబెట్టాను. పది అడుగులు దాటితే రంగు తెలియడం లేదని ముందురోజే తేలింది కనుక, పిల్లల్ని నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపునే లోపలికి పిలిచాను. 260 రూపాయలు పెట్టి కొన్న రెండు రక్షణ కళ్లద్దాల్లో ఒకటి నాకు, రెండోది తీగలు అందించే అమ్మాయికి. ఒక్కో లవణానికి ఒక్కో తీగ కేటాయించి, పెన్సిళ్లకు పేర్ల చీటీలు అంటించాను. ప్రతిసారీ తొమ్మిది మార్లు కాల్చి కడిగే బాధ దీనితో తప్పింది. అసలు చెప్పాలంటే ఈ ఉపాయం నాకు రెండు వారాల ముందే తట్టి ఉండాల్సింది.

ఒక అబ్బాయి దీపావళికి మిగిలిన రంగు అగ్గిపెట్టెలు రెండు తెచ్చాడు. ఎర్రగా వెలిగేదానిలో స్ట్రాన్షియం, ఆకుపచ్చగా వెలిగేదానిలో బేరియం ఉంటాయని చెబితే, “అయితే మేం చిన్నప్పటి నుంచి ఈ ప్రయోగం చేస్తనే ఉన్నం కద మేడమ్” అన్నాడు. కాదనలేకపోయాను. సోడియం దగ్గర మాత్రం పాఠం ఎదురుతిరిగింది. సోడియం ఆవిరి వీధి దీపాల పసుపు వెలుగును ఉదాహరణగా చెప్పబోతే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మా ఊళ్లో ఇప్పుడు ఉన్నవన్నీ తెల్లని ఎల్‌ఈడీ దీపాలే. పొటాషు మంట వట్టి కంటికి పసుపుగానే కనిపించింది, అందులో కలిసి ఉన్న సోడియమే దానికి కారణం. నీలం గాజు అడ్డం పెట్టగానే ఆ పసుపు మాయమై లేత ఊదా తేలింది. ఆ పలక చేతులు మారుతున్నంతసేపూ లెక్చరరు గారి మాట తలుచుకుంటూనే ఉన్నాను.

పరిశీలన రాసేటప్పుడు ‘పచ్చ’ అనే మాటను విడిగా వాడకూడదని ఒక్క నియమం పెట్టాను. ఏ పచ్చో చెప్పాలి. ఎంత గొడవ జరిగిందో! రాగికి చిలకపచ్చ అని ముగ్గురు, పాచి రంగు అని ఇద్దరు, నెమలి మెడ అని ఒక అమ్మాయి. అవుసలాయన ఆ పిల్లకు తాత అని తరువాత తెలిసింది. పొటాషియంకు వంకాయ పువ్వు రంగు అన్న మాట మీద గది మొత్తం ఒక్కటైంది. కాల్షియం కనిపించింది ఒక్క రెప్పపాటే కాబట్టి సగం మంది చూడనే లేదు. చూడనివాళ్లు ‘చూడలేదు’ అనే రాయాలని చెప్పాను. రాయడానికి చాలా ఇబ్బంది పడ్డారు. ఖాళీ వదిలితే మార్కులు పోతాయేమోనన్న భయం వాళ్లది.

మూడో గుంపు దగ్గర నా చెయ్యి అలసిపోయింది. నాలుగో గుంపుకు గ్యాసు తగ్గి మంట పొట్టిదైంది, ఆ తొమ్మిది మందికీ స్ట్రాన్షియం ఒక్కసారే చూపించగలిగాను. వాళ్లకు మళ్లీ చూపిస్తానని మాట ఇచ్చాను, డబ్బా ఇంకా కొనాలి.

మొత్తం ఖర్చు, మైలతుత్తం 40 రూపాయలు, హైదరాబాదులో ఆటో 120 కలుపుకొని, 1,949 రూపాయలు. 500 గ్రాముల స్ట్రాన్షియం క్లోరైడులో వాడింది చెంచాడు కూడా లేదు. మిగిలినది పేరు, తేదీ రాసి బీరువాలో భద్రంగా ఉంది, పక్క మండలాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు ఎవరైనా వస్తే చిన్న సీసాలో పోసి ఇస్తాను. ఆమ్లం మాత్రం అడగకండి.

సోమవారం, నవంబరు 24న కొత్త నివేదికలు నా బల్ల మీదికి వచ్చాయి. దిద్దడానికి ఈసారి రెండు రాత్రులు పట్టింది, ఏ రెండూ ఒకలా లేవు. మూడో గుంపులోని ఒక అబ్బాయి, పోయినసారి రాగికి ‘పసుపుపచ్చ’ అని రాసిన పదకొండు మందిలో ఒకడు, స్ట్రాన్షియం ఎదురుగా ఇలా రాశాడు: “మొదట పసుపు. తరువాత ఎరుపు రావాలి. కానీ మేడమ్ రాగి తీగను మరిచిపోయి దీంట్లో ముంచినారు. కింద ఎరుపు, పైన నెమలిపచ్చ కనిపించింది.” చీటీలు అంటించి కూడా తీగ మార్చేశానని నాకు అప్పటిదాకా తెలియదు. ఐదుకు ఐదు వేశాను.